వెనక సీట్లో మన అమ్మాయి ఒక్కతే ఉంటే?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే సంగతి చుట్టూ తిరిగాయి: కిరాయి బండి నడపడానికి ఎవరు తగినవారు, ఆ మాట తేల్చేదెవరు? కొన్ని ఇక్కడి బండ్ల గురించి, కొన్ని ఇంగ్లండ్‌లో ఉన్న పిల్లల గురించి. రెండు దేశాల చట్టాలు వేరు. అక్కడి రూలు ఇక్కడ, ఇక్కడి రూలు అక్కడ చెల్లదు. అది గుర్తుపెట్టుకుని చదవండి.

ప్రశ్న: మా అబ్బాయి లెస్టర్‌లో ఎమ్మెస్సీ పూర్తిచేసి గ్రాడ్యుయేట్ వీసా మీద ఉన్నాడు. చదువుకు తగ్గ ఉద్యోగం దొరికేదాకా టాక్సీ నడుపుతానంటున్నాడు. లైసెన్స్ అక్కడి కౌన్సిల్ ఇస్తుందట. కౌన్సిల్ అంటే మన మున్సిపాలిటీ లాంటిదే కదా! డ్రైవర్ మంచివాడో కాదో దానికెలా తెలుస్తుంది?
– ఒక తండ్రి, నరసన్నపేట

జవాబు: మున్సిపాలిటీ లాంటిదే. మన దగ్గర డ్రైవర్ల వ్యవహారం రవాణా శాఖ చూస్తే, ఇంగ్లండ్, వేల్స్‌లలో టాక్సీ డ్రైవర్ల లైసెన్సులు కౌన్సిళ్ల చేతిలో ఉంటాయి. లండన్‌లో మాత్రం ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ అనే సంస్థ ఇస్తుంది. 1976 నాటి చట్టం ప్రకారం, దరఖాస్తు పెట్టినవాడు ‘ఫిట్ అండ్ ప్రాపర్’ మనిషి అని నమ్మకం కుదిరితే తప్ప కౌన్సిల్ లైసెన్స్ ఇవ్వకూడదు. ఆ మాటకు చట్టంలో నిర్వచనం లేదు. 2020 జూలైలో బ్రిటన్ రవాణా శాఖ తెచ్చిన ప్రమాణాలు దాన్ని ఒక ప్రశ్నగా మార్చి అధికారుల ముందు పెట్టాయి. మీకు కావలసిన మనిషిని, వాళ్లు ఏ స్థితిలో ఉన్నా సరే, పగలైనా అర్ధరాత్రయినా, ఈ డ్రైవర్ బండిలో ఒంటరిగా పంపిస్తారా? జవాబు గట్టిగా ‘పంపిస్తాం’ అని రాకపోతే లైసెన్స్ లేదు. సందేహం మిగిలితే ఆ లాభం దరఖాస్తుదారుకు దక్కదు. నేరం కోర్టులో రుజువు కావాల్సిన పని కూడా లేదు. జరిగి ఉండటానికే అవకాశం ఎక్కువ అనిపిస్తే చాలు. తగినవాడినని చూపించుకునే భారం పూర్తిగా మీ అబ్బాయిదే.

ఇంత కఠినం ఎందుకంటే, దాని వెనక ఇంగ్లండ్‌లోని రోథర్‌హామ్ అనే పట్టణం కథ ఉంది. ఆ ఊళ్లో ఏళ్ల తరబడి బాలికల మీద జరిగిన లైంగిక దోపిడీలో టాక్సీ డ్రైవర్ల పాత్ర 2014, 2015 విచారణ నివేదికల్లో బయటపడింది. కౌన్సిల్ లైసెన్సింగ్ విభాగం చేయాల్సిన పని చేయలేదని కూడా తేలింది. అప్పటి నుంచి కౌన్సిళ్లు డ్రైవింగ్ నైపుణ్యం కన్నా మనిషి నడతను ముందు చూస్తున్నాయి. ఇది సరైన వరుసేనని మా అభిప్రాయం. తప్పతాగి ఇంటికెళ్లలేని మనిషిని, బడికెళ్లే పిల్లను, చక్రాల కుర్చీలో ఉన్న ముసలామెను తలుపు మూసిన బండిలో ఒక అపరిచితుడికి అప్పగిస్తున్నారు మరి.

ఇక మీ అబ్బాయి చూసుకోవాల్సిన వరుస. మొదట వీసా. అక్కడి టాక్సీ డ్రైవర్లలో ఎక్కువమంది స్వయం ఉపాధి కిందికి వస్తారు. స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధి నిషిద్ధం, గ్రాడ్యుయేట్ వీసా మీద కుదురుతుంది. అయితే వీసా ఎప్పటిదాకా ఉందో టాక్సీ లైసెన్స్ అప్పటిదాకానే ఇస్తారు. 2016 డిసెంబర్ నుంచి ఈ తనిఖీ కౌన్సిళ్ల బాధ్యత.

రెండోది, అక్కడి పూర్తి డ్రైవింగ్ లైసెన్స్ చేతికి వచ్చి కనీసం 12 నెలలు నిండాలి. కొన్ని కౌన్సిళ్లు ఇంకా ఎక్కువ అడుగుతాయి. మన లైసెన్స్ మీద అక్కడ నివాసం మొదలైన ఏడాది వరకు సొంత కారు నడపొచ్చు గానీ, ఆ కాలం ఈ 12 నెలల్లో కలవదు. మన లైసెన్స్‌ను అక్కడి లైసెన్స్‌గా మార్చుకునే సౌకర్యం కూడా లేదు. థియరీ, రోడ్డు పరీక్ష రెండూ పాసవ్వాల్సిందే. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. చదువు అయ్యాక టెస్టుకు వెళ్తే వీసాలో ఏడాది అలాగే కరిగిపోతుంది. చదువుకునే రోజుల్లోనే లైసెన్స్ తీసుకున్నవాడికి ఆ 12 నెలలు చదువుతోపాటే గడిచిపోతాయి.

మూడోది, నేర చరిత్ర. డీబీఎస్ అనే ప్రభుత్వ సంస్థ లోతుగా తనిఖీ చేసి ఇచ్చే ఎన్‌హాన్స్‌డ్ సర్టిఫికెట్ కావాలి. 2024 డిసెంబర్ నుంచి దాని రుసుము 49.50 పౌండ్లు. గత 5 ఏళ్ల చిరునామాలన్నీ నెలలు ఖాళీ లేకుండా ఇవ్వాలి. హైదరాబాద్ అమీర్‌పేట హాస్టల్లో ఉన్న 4 నెలలు కూడా అందులోకి వస్తాయి. సర్టిఫికెట్ వచ్చిన 30 రోజుల్లోపు అప్‌డేట్ సర్వీస్‌లో చేరితే ప్రతిసారీ కొత్తది తీయక్కర్లేదు. కౌన్సిళ్లు 6 నెలలకోసారి ఆన్‌లైన్లో చూసుకుంటాయి. డీబీఎస్‌కు మన దేశంలోని రికార్డు తెలియదు కాబట్టి, పెద్దయ్యాక వరసగా 3 నెలలు, అంతకు మించి మరో దేశంలో ఉన్నవాళ్లు అక్కడి పోలీసు క్లియరెన్స్ తేవాలి. మీ అబ్బాయి దాన్ని అక్కడి భారత హైకమిషన్ ద్వారా పెట్టుకోవచ్చు. విచారణ మీ పోలీస్ స్టేషన్‌కు రావచ్చు. కానిస్టేబుల్ ఇంటికొస్తే పాస్‌పోర్టు నకలు, రేషన్ కార్డు, ఆధార్ సిద్ధంగా పెట్టండి. ఇంటికి తాళం ఉంటే ఫైలు వెనక్కి పోతుంది.

మన జిల్లాల వాళ్లకు తరచూ అడ్డం పడేది పేరు. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందుంటుంది. పాస్‌పోర్టులో అదే ఇంటిపేరు విడమరిచి చివర్న పడుతుంది. కొందరికి పేరు మొత్తం ఒకే గడిలో ఉండి రెండో గడి ఖాళీ. బ్రిటన్ డ్రైవింగ్ లైసెన్స్ తీసుకునేటప్పుడే పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయించుకోవాలి. డీబీఎస్, పోలీసు క్లియరెన్స్, లైసెన్స్ మూడింటిలో మూడు రకాలుగా ఉంటే ముగ్గురు మనుషుల్లా కనిపిస్తాడు.

వైద్య పరీక్ష చాలా కౌన్సిళ్లలో లారీ, బస్సు డ్రైవర్ల స్థాయిలో ఉంటుంది. దాన్ని గ్రూప్ 2 అంటారు. బాగున్న కంటికి 6/7.5, రెండో కంటికి కనీసం 6/60 చూపు ఉండాలి, అద్దాలతోనైనా సరే. వీటి తర్వాత ఇంగ్లిష్ పరీక్ష, ఊరి దారులు, నిబంధనల మీద పరీక్ష, పిల్లల, నిస్సహాయుల రక్షణ మీద శిక్షణ. వీటి రుసుములు, వరుస కౌన్సిల్‌ను బట్టి మారతాయి.

ప్రశ్న: నాలుగేళ్ల కిందట మా ఊరి జాతరలో కొట్లాట జరిగి మా తమ్ముడి మీద కేసు పెట్టారు. లోక్ అదాలత్‌లో రాజీ అయింది. ఇప్పుడు ఇంగ్లండ్‌లో టాక్సీ దరఖాస్తులో ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా’ అని అడుగుతున్నారట. రాజీ అయిన కేసు కదా, లేదని రాయమంటున్నారు అక్కడి స్నేహితులు. రాయొచ్చా?
– ఒక అక్క, టెక్కలి

జవాబు: వద్దమ్మా. ఆ సలహా మీ తమ్ముడిని ముంచుతుంది. కేసు కన్నా దాన్ని దాచడం పెద్ద తప్పవుతుంది. దాచినవాడు నిజాయితీ లేనివాడు అన్న ఒక్క కారణం మీదే దరఖాస్తు తిప్పికొడతారు. పైగా ఆ తిరస్కరణ జాతీయ రిజిస్టర్‌లోకి ఎక్కవచ్చు. 2023 ఏప్రిల్ నుంచి ఇంగ్లండ్‌లోని లైసెన్సింగ్ అధికారులందరూ ప్రయాణికుల రక్షణ, రోడ్డు భద్రత కారణాలతో చేసిన తిరస్కరణలు, రద్దులు, సస్పెన్షన్లను అందులో నమోదు చేయాల్సిందే, కొత్త దరఖాస్తు వస్తే అందులో వెతకాల్సిందే. ఒక కౌన్సిల్ కాదంటే పక్క ఊరి కౌన్సిల్‌కు వెళ్దామనే పాత దారి చాలావరకు మూసుకుపోయింది.

శిక్ష పడిన కేసులకు పైన చెప్పిన 2020 ప్రమాణాల్లో కాలపరిమితులు ఉన్నాయి. ఎవరి మరణానికైనా కారణమైన నేరం, లైంగిక నేరం, మనుషుల్ని లొంగదీసుకుని వాడుకున్న నేరం ఉంటే లైసెన్స్ ఎప్పటికీ రాదు. హింస అయితే శిక్ష పూర్తయిన నాటి నుంచి కనీసం 10 ఏళ్లు ఆగాలి, మత్తుమందులు అమ్మిన కేసుకూ అంతే. మోసం, ఆయుధం దగ్గరుంచుకోవడం, తాగి నడపడం ఒక్కోటి 7 ఏళ్లు. డ్రైవింగ్‌లో ఫోన్ పట్టుకున్న కేసుకు 5 ఏళ్లు. సొంత కారు నడుపుతూ ఫోన్‌తో దొరికినా లెక్కే, టాక్సీలోనే కానక్కర్లేదు.

మీ తమ్ముడికి శిక్ష పడలేదు కాబట్టి ఈ పట్టిక నేరుగా తగలదు. అలాగని ప్రశ్న రాకుండా పోదు. శిక్ష పడని ఆరోపణను కూడా కౌన్సిల్ తూకం వేసుకోవచ్చు. కనుక కాగితాలు ముందే సిద్ధం చేసుకోండి. కేసు నంబరు, లోక్ అదాలత్ అవార్డు నకలు, ఎఫ్‌ఐఆర్ నకలు కోర్టులో కాపీ దరఖాస్తు పెట్టి తీసుకోండి. తెలుగులో ఉన్నవాటికి ధ్రువీకరించిన ఇంగ్లిష్ అనువాదం జతచేయండి. దరఖాస్తుతో పాటు ఒక పేజీ వివరణ ఇవ్వాలి: ఏ తేదీన ఏం జరిగింది, తన పాత్ర ఎంత, ఎలా ముగిసింది, ఆ తర్వాత ఏ కేసూ లేదని. అందులో ఎదుటి వర్గాన్ని తిట్టకూడదు. తప్పు కొంచెమైనా ఉంటే ఒప్పుకోవాలి. ‘ఇంటికి నేనే ఆధారం, అప్పులున్నాయి’ అని రాయడం దండగ. కుటుంబ ఇబ్బందులు ఈ నిర్ణయంలో లెక్కలోకి రావని అక్కడి హైకోర్టు 2002లోనే చెప్పింది. చూసేది ప్రయాణికుడి భద్రత ఒక్కటే.

కాదన్నా దారి ఉంది. నిర్ణయం రాతపూర్వకంగా అందిన 21 రోజుల్లోపు మేజిస్ట్రేట్ కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. లైసెన్స్ వచ్చాక కూడా జాగ్రత్త అవసరం. లైంగిక నేరం, హింస, మోసాలకు సంబంధించి అరెస్టయి విడుదలైనా, కేసు పెట్టినా, ఏ ట్రాఫిక్ నేరమైనా, 48 గంటల్లోపు కౌన్సిల్‌కు చెప్పాలన్నది ప్రమాణాల్లోని నియమం.

ప్రశ్న: మా వాడి రూమ్మేట్‌కు టాక్సీ ఉంది. ఖాళీగా ఉన్నప్పుడు సరుకులకు దాన్ని మావాడు తీసుకెళ్తాడట. ప్రయాణికులను ఎక్కించడు. ఇబ్బందేమైనా ఉందా?
– రాజాం

జవాబు: ఉంది, పెద్దదే. లండన్ బయట ఇంగ్లండ్‌లో ఒకసారి టాక్సీగా లైసెన్స్ పొందిన బండి ఆ లైసెన్స్ ఉన్నంతకాలం టాక్సీయే. లోపల ప్రయాణికుడు ఉన్నా, కూరగాయల సంచి ఉన్నా ఒకటే. టాక్సీ డ్రైవర్ లైసెన్స్ లేనివాడు దాన్ని నడిపితే నేరం. ఇన్సూరెన్స్ కూడా వర్తించకపోవచ్చు. ఇన్సూరెన్స్ లేకుండా నడిపితే 6 నుంచి 8 పెనాల్టీ పాయింట్లు పడతాయి. బండి ఇచ్చిన రూమ్మేట్ లైసెన్స్‌కూ ముప్పే. ఇవాళే ఫోన్ చేసి ఆపించండి.

ప్రశ్న: నా వయసు 23. కారు లైసెన్స్ ఉంది. విజయనగరంలో ట్రావెల్స్ కారు నడపాలనుకుంటున్నాను. బ్యాడ్జి లేకుండా కుదరదని ఒకరు, సుప్రీంకోర్టు తీర్పుతో ఏమీ అక్కర్లేదని ఇంకొకరు అంటున్నారు. మున్సిపల్ కార్పొరేషన్ అనుమతి కూడా కావాలా?
– ఒక యువకుడు, నెల్లిమర్ల

జవాబు: కార్పొరేషన్ అనుమతి అక్కర్లేదు. మన దగ్గర స్థానిక సంస్థకు డ్రైవర్ యోగ్యతతో సంబంధం లేదు. మూడు లాంతర్ల దగ్గర, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర బండ్లు ఎక్కడ ఆగాలన్న విషయంలో దానికి మాట ఉంది, డ్రైవర్ ఎవరన్నదానిలో లేదు. లైసెన్స్, పర్మిట్, ఎఫ్‌సీ (బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్) అన్నీ రవాణా శాఖవే.

తీర్పు సంగతి. 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పిందేమంటే, ఎల్‌ఎంవీ (తేలికపాటి మోటారు వాహనం, అంటే మీ కారు లాంటిది) లైసెన్స్ ఉన్నవాడు 7,500 కిలోలకు మించని కిరాయి బండిని కూడా, లైసెన్స్‌లో విడిగా ‘ట్రాన్స్‌పోర్ట్’ అని నమోదు లేకుండా నడపొచ్చు. ఎల్‌ఎంవీ లైసెన్స్‌తో టాక్సీ నడిపాడన్న కారణంగా ఇన్సూరెన్స్ కంపెనీ పరిహారం ఎగ్గొట్టలేదు. ఆ తీర్పు లైసెన్స్ గురించి. బ్యాడ్జి అనేది రాష్ట్ర నిబంధనల కిందికి వచ్చే వేరే కాగితం. కనుక చేరబోయే ముందు జిల్లా రవాణా కార్యాలయంలో అడిగి జవాబు తెలుసుకోండి. ట్రావెల్స్ యజమాని మాట మీద గానీ, బయట ఏజెంటు మాట మీద గానీ పోవద్దు.

దానికన్నా ముఖ్యం, మీ చేతికిచ్చే బండి ఎలాంటిదో చూడండి. తెల్ల ప్లేటు సొంత కారును కిరాయికి తిప్పమంటే ఒప్పుకోకండి. పర్మిట్ లేకుండా కిరాయికి తిప్పితే 10,000 రూపాయల జరిమానా, జైలు కూడా పడొచ్చు. సొంత కారు పాలసీ కిరాయి ప్రయాణానికి వర్తించదు. పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజుల్లో గిరాకీ ఎక్కువని తెల్ల ప్లేటు బండ్లు తీస్తుంటారు. ఆ రోజు ప్రమాదం జరిగితే క్రిమినల్ కేసు ముందుగా స్టీరింగ్ పట్టుకున్నవాడి మీదే పడుతుంది.

ప్రశ్న: మా గుంటడు లగేజీ ఆటోలో పెళ్లోళ్లని ఎక్కించినాడని బ్రేకు ఇన్‌స్పెక్టర్ పట్టుకున్నాడు. లైసెన్సు మూడు నెల్లు ఆపుతామంటన్నారు. వాడు తాగడు, గుద్దలేదు. ఏటి సెయ్యాల?
– ఒక తల్లి, చీపురుపల్లి

జవాబు: అమ్మా, తాగకపోయినా, గుద్దకపోయినా ఇది లైసెన్స్ ఆపదగ్గ తప్పే. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించడాన్ని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోని 21వ నియమం ప్రజలకు ప్రమాదం తెచ్చే పనుల్లో చేర్చింది. తాగి నడపడం, అతివేగం, ఎర్ర లైటు దాటడం, ఫోన్ మాట్లాడుతూ నడపడంతో పాటు దీనికి కూడా కనీసం 3 నెలలు లైసెన్స్ ఆపాలని సుప్రీంకోర్టు రోడ్డు భద్రతా కమిటీ 2015లో రాష్ట్రాలకు చెప్పింది.

కారణం లగేజీ ఆటోలోనే ఉంది. వెనక కూర్చునే సీటు ఉండదు, పట్టుకోవడానికి కమ్మీ ఉండదు. తొట్టి అంచు నిలబడ్డవాళ్ల నడుం దాకా కూడా రాదు. 15 మంది నిలబడితే బరువంతా పైకెక్కుతుంది. మలుపులో ఒక పక్కకు ఒరిగితే బండి నిలదొక్కుకోలేదు. పైగా సరుకు బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికులకు ఇన్సూరెన్స్ కంపెనీ పరిహారం ఇవ్వక్కర్లేదని సుప్రీంకోర్టు 2003లోనే తేల్చింది. ఏదైనా జరిగితే ఆ పెళ్లివారికి పరిహారం బండి యజమాని ఇల్లు అమ్మి ఇవ్వాల్సి వస్తుంది.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాం. ఉత్తర్వు ఇచ్చే ముందు మీ అబ్బాయి మాట వినాలని మోటారు వాహనాల చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. నోటీసు వస్తే చింపేయకుండా, ఆ తేదీకి వెళ్లి లిఖితపూర్వకంగా జవాబు ఇమ్మనండి. ఇది మొదటిసారి అయితే అదే రాయమనండి. ఇంతకుముందు చలాన్లు లేవని చూపించగలిగితే చూపించమనండి. ఉత్తర్వులో కారణాలు రాసి ఉండాలి. నచ్చకపోతే 30 రోజుల్లోపు అప్పీలు చేసుకోవచ్చు. ఆపిన ఆ మూడు నెలలూ మాత్రం బండి ముట్టకూడదు. సస్పెన్షన్‌లో నడిపి దొరికితే 3 నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఆ రోజులకు వేరే డ్రైవర్‌ను పెట్టుకోండి.

ప్రశ్న: వయసు 52, షుగరు ఉంది. టాక్సీ లైసెన్స్ రెన్యువల్‌కు వైద్య పరీక్షలో ఏం చూస్తారు?
– బొబ్బిలి

జవాబు: ఫారం 1ఎ మీద డాక్టర్ సంతకం కావాలి. పట్టపగలు 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు చదవగలగాలి, అద్దాలుంటే పెట్టుకునే. రంగులు గుర్తించలేని లోపం తీవ్రంగా ఉండకూడదు. హారన్ మామూలుగా వినపడాలి. రేచీకటి ఉండకూడదు. షుగరు ఉన్నవాళ్లకు చూపు నెమ్మదిగా తగ్గవచ్చు, పగలు తెలియదు, ఎదురు బండి లైటు పడ్డప్పుడు తెలుస్తుంది. డ్రైవర్లు దీన్ని నిద్రమత్తు అనుకుని టీ తాగి మళ్లీ ఎక్కుతారు. ఫారం మీద సంతకం కోసం కాకపోయినా ఏడాదికోసారి కంటి వెనక పొర (రెటీనా) పరీక్ష చేయించుకోండి. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్ గడువు 5 ఏళ్లు. గడువు దాటాక ఇదివరకు ఇచ్చే 30 రోజుల వెసులుబాటు 2019 సవరణతో పోయింది. గడువుకు ఏడాది ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు కాబట్టి ఆఖరి వారం దాకా ఆగకండి. గడువు దాటి ఏడాది గడిస్తే మళ్లీ డ్రైవింగ్ టెస్టుకు వెళ్లాలి.

ప్రశ్న: ఉద్యోగరీత్యా రాత్రి పదకొండుకు ఆమదాలవలసలో రైలు దిగి శ్రీకాకుళం వెళ్తుంటాను. ఇంగ్లండ్‌లో అంత తనిఖీ చేస్తారంటున్నారు, ఇక్కడ నేను ఎక్కే డ్రైవర్ సంగతి ఎవరు చూసినట్టు?
– ఒక ఉద్యోగిని, శ్రీకాకుళం

జవాబు: మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. కేంద్ర నియమాల్లో లైసెన్స్ దరఖాస్తుకు పోలీసు ధ్రువపత్రం అడిగే నిబంధన లేదు. తరచూ నేరాలు చేసేవాడు, తాగుబోతు అయితే లైసెన్స్ రద్దు చేసే అధికారం 19వ సెక్షన్‌లో ఉంది గానీ, అది తప్పు జరిగాక వాడే కత్తి. యాప్ టాక్సీలకు కేంద్రం 2020లో, మళ్లీ 2025లో ఇచ్చిన మార్గదర్శకాల్లో డ్రైవర్లకు పోలీసు వెరిఫికేషన్, వైద్య పరీక్ష, శిక్షణ ఉన్నాయి. స్టేషన్ బయట నిలబడే ఆటోకు, కారుకు అవి తగలవు. ఈ లోటు పూడ్చాలని రవాణా శాఖను, పోలీసులను అడగడం మనందరి హక్కు. స్టేషన్ స్టాండులో బండ్ల నంబర్లు, డ్రైవర్ల పేర్లు రాసిన బోర్డు ఉండాలని, పోలీసుల దగ్గర ఆ జాబితా ఉండాలని రాసి ఇవ్వండి.

అప్పటిదాకా మీరు చేసుకోగలిగేవి ఇవి. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే కిరాయి బండి. ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాలుంటే కరెంటు కిరాయి బండి. తెల్ల ప్లేటు కారు తక్కువకు వస్తానన్నా ఎక్కకండి. ఎక్కే ముందే నంబరు ప్లేటు ఫోటో తీసి ఇంటికి పంపండి, డ్రైవర్ చూసేలా తీయండి. ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొడితే బండి రకం, ఎఫ్‌సీ, ఇన్సూరెన్స్ గడువులు కనిపిస్తాయి. దారి మధ్యలో ‘మా వాడే’ అంటూ ఇంకొకరిని ముందు సీట్లో ఎక్కించుకోబోతే బండి ఆపించి దిగిపోండి, వెలుతురున్న దుకాణం దగ్గర నిలబడి 112కు ఫోన్ చేయండి.